లల్లా బతూల్ ఐదువేల నలభై

మా ఫెస్ నగరంలో మనిషిని మెచ్చుకోవడానికి కారణాలకు కొదవ లేదు. ఒకడి చేతిపని బాగుంటుంది, ఒకడి గొంతు బాగుంటుంది, ఒకామె చేసిన ఎండు చిక్కుడు గింజల సూపు కోసం పక్క పేట నుంచి జనం వస్తారు. ఒక సంఖ్యను చూసుకుని తల ఎత్తుకుని తిరిగిన మనిషిని మాత్రం నా జన్మలో ఒక్కతెనే చూశాను. ఆమె లల్లా బతూల్, లల్లా అంటే మా దగ్గర అమ్మగారు అన్నట్టు. బాబ్ ఫుతూహ్ కోటగుమ్మం దగ్గర కుమ్మరి బట్టీల వెనక సందులో ఉండేది. ఆమె సంఖ్య ఐదువేల నలభై.

నవ్వకండి. నేనూ మొదట్లో నవ్వాను, తర్వాత సిగ్గుపడ్డాను.

బతూల్ తండ్రి ఖద్దూర్ పెంకులు కొట్టేవాడు. మెరుగు పూసి కాల్చిన పలకను బరువైన సుత్తితో కొట్టి నక్షత్రాలుగా, బాదం గింజలుగా, చిన్న చిన్న పలకలుగా చేసే పని. ఆ ముక్కలను పేర్చితే గోడల మీద అందరూ నోరు వెళ్ళబెట్టి చూసే అల్లికలవుతాయి. ఖద్దూర్‌కు చదువు లేదు. కానీ పెద్ద నక్షత్రం పని ఏదొచ్చినా అందులో ముక్కలు సరిగ్గా ఐదువేల నలభై ఉండేలా గీత గీసేవాడు. ఎందుకంటే కార్ఖానాకు రోజూ ఎంతమంది పేర్చేవాళ్ళు వస్తారో ఎవరికీ తెలియదు. ఒకడికి జ్వరం, ఒకడి ఇంట్లో పెళ్ళి, ఒకడికి ఊరికే బద్ధకం. ఏడుగురు వచ్చినా, ఎనిమిదిమంది వచ్చినా, తొమ్మిదిమంది, పదిమంది, పన్నెండుమంది వచ్చినా ఐదువేల నలభై సమానంగా విడిపోతుంది. ఒక్క ముక్క మిగలదు, ఒక్క ముక్క తగ్గదు, నీకెక్కువ నాకు తక్కువ అని గొడవ ఉండదు.

పదకొండుమందికి మాత్రం పంచలేం, రెండు ముక్కలు మిగిలిపోతాయి. అందుకని వెనక పన్నెండోవాడు రాని రోజున పదకొండోవాణ్ణి ఖద్దూర్ గుమ్మంలోంచే ఇంటికి పంపేసేవాడు. అల్లాల్ అనే ఆయన ఎప్పుడూ ఆలస్యంగా లేచేవాడు, ఎప్పుడూ పదకొండోవాడయ్యేవాడు. ఆయన్ను చచ్చేదాకా పేటంతా ‘పదకొండు’ అనే పిలిచింది. ఆయన మనవళ్ళను ఇప్పటికీ పదకొండోవాళ్ళనే అంటారు పాపం.

తండ్రికి అన్నం తెచ్చే వయసులోనే బతూల్ ఆ సంఖ్య వెంట పడింది. ఇంటి డాబా మీద శనగలు పోసుకుని వరసలు పెట్టేది. ఏడు వరసలు, ఎనిమిది వరసలు, పద్నాలుగు, పదిహేను, పదహారు. తండ్రికి తెలిసిన పంపకాలు నలభై దాకా ఉండేవి. ఆ పిల్ల రెండు చలికాలాలు కూర్చుని వాటిని అరవై చేసింది. అరవై! అన్ని రకాలుగా పంచగలిగే సంఖ్య అంతకంటే చిన్నది ఇంకోటి లేదని ఆమె వాదన. “ఇంతకంటే చిన్న సంఖ్య ఏదైనా తీసుకురండి, అరవై పంపకాలు కుదిర్చి చూపించండి, నేను పేరు మార్చుకుంటాను,” అనేది. ఎవరూ తేలేదు. తర్వాత మదరసాలో లెక్కలు చెప్పే ఒక పెద్దాయన వారం రోజులు కాగితాలు ఖరాబు చేసి, ఆమె అన్నది నిజమేనని ఒప్పుకున్నాడు.

ఇంకో సంగతి కూడా కనిపెట్టింది. డెబ్బై వరసలు, వరసకు డెబ్బైరెండు, అది దాదాపు చదరపు తివాచీలా ఉంటుంది. దానికి ఒక్క శనగ చేర్చితే ఐదువేల నలభై ఒకటి. ఇప్పుడు డెబ్బై ఒక్క వరసలు, వరసకు డెబ్బై ఒకటి, నాలుగు వైపులా సమానం, చూడముచ్చట. కానీ అది డెబ్బై ఒకటితో తప్ప ఇంకెవరితోనూ పొత్తు కుదరనివ్వదు. అటు ఒక్కటి తీసేస్తే ఐదువేల ముప్పై తొమ్మిది. అది ఇంకా మొండిది, ఎన్ని వరసలు పెట్టినా చివరి వరస విరిగిపోతుంది, ఒంటి వరసలో నిలబడ్డం తప్ప దానికి వేరే దారి లేదు. తండ్రి ఆ శనగల ముందు కూర్చుని చాలాసేపు చూశాడు. “ఇటు ఒంటికాయ, అటు టెక్కులాడి. మధ్యలో మనది ఇంటినిండా చుట్టాలున్న మనిషి, కదే!” అన్నాడు. కూతురి నెత్తి మీద ముద్దు పెట్టుకున్నాడు. ఆ ముద్దు గురించి చెప్పేటప్పుడు లల్లా బతూల్ డెబ్బై ఏళ్ళ వయసులో కూడా నెత్తి తడుముకునేది.

ఖద్దూర్ బొటనవేలు సుత్తి కింద పడి నలిగిపోయాక ముక్కలు లెక్కపెట్టి తట్టల్లో సర్దే పని బతూల్‌కు వచ్చింది. పెళ్ళయింది, భర్త పోయాడు, పని మాత్రం పోలేదు. ముప్పై ఏళ్ళు చేసింది. ఆమె పద్ధతి ఇది. మొత్తం ముక్కలను ఒక గంపలోంచి ఇంకో గంపలోకి ఏడేసి చొప్పున గుప్పిళ్ళతో వేస్తుంది. మళ్ళీ ఎనిమిదేసి. మళ్ళీ తొమ్మిదేసి. ఆఖరున పదేసి, పదికొక శనగ గింజ పక్కన పెట్టుకుంటూ. నాలుగుసార్లూ చివరి గుప్పిలి నిండుగా రావాలి. లెక్కపెట్టేటప్పుడు మా వాళ్ళందరిలాగే ఆమె కూడా ‘ఒకటి’ అనదు, ‘అల్లా ఒక్కడే’ అంటుంది. ‘రెండు’ అనదు, ‘ఆయనకు జోడీ లేడు’ అంటుంది. ఒట్టి ఐదు అని నోట అంటే దిష్టి కాబట్టి ‘చెయ్యి’ అంటుంది. ఒక ముక్క తగ్గితే నాలుగుసార్లూ చివరి గుప్పిట్లో ఒక్కటే తక్కువవుతుంది. ఒక ముక్క ఎక్కువైతే నాలుగుసార్లూ ఒక్కటి ఒంటరిగా మిగిలి ఆమె మొహం చూస్తుంది. “నలుగురు సాక్షులు. ఖాజీకి ఇద్దరు చాలు,” అనేది.

ఇక అసలు సంగతికి వస్తాను. మా పేటకు కరెంటు వచ్చిన కొత్తలో, అద్దకంవాళ్ళ వీధి మొగలో ఉన్న, జనం నీళ్ళు తాగే పాత నీటిధార గోడ కూలింది. కొత్త గోడ కట్టి దాని మీద ఇరవైనాలుగు రెక్కల నక్షత్రం పెట్టాలని నిర్ణయమైంది. రెక్కకు రెండువందల పది ముక్కలు. మొత్తం ఎంతో మీకే తెలుసు. పేర్పు పెద్ద మాలిం జిలాలి. మాలిం అంటే మా దగ్గర పనిలో గురువు. ఆయన ఒకప్పుడు ఖద్దూర్ కింద పని నేర్చుకున్నవాడు, ఫెస్ మొత్తంలో ఆయనంత చేయి లేదు, ఆయనంత నోరూ లేదు. పని చూసుకోవడానికి పై ఆఫీసు నుంచి ముఫద్దల్ అనే కుర్ర అధికారి వచ్చాడు, మర్యాదకు సి ముఫద్దల్ అనేవాళ్ళం. కళ్ళద్దాలు, ఇస్త్రీ చొక్కా, చంకలో కాగితాల కట్ట.

మొదటి రోజే ఆయన ఆలివ్ కాయల కొట్టు నుంచి ఒక త్రాసు తెప్పించాడు.

“లల్లా, ఈ గుప్పిళ్ళ లెక్క ఎందుకు చెప్పు? వంద ముక్కలు తూచుదాం, ఆ బరువుతో మొత్తాన్ని భాగిద్దాం. గంటలో అయిపోతుంది,” అన్నాడు.

“ఎంతొస్తుంది నాయనా అలా తూస్తే?”

“ఐదువేల నలభై వస్తుంది. ఓ యాభై అటూ ఇటూ.”

“యాభై అటూ ఇటూ అయ్యేవి ఆలివ్ కాయలు. ఇవి చేత్తో కొట్టిన ముక్కలు, ఒకటి లావు ఒకటి సన్నం. తూచుకో, తూచుకుని పచ్చడి పెట్టుకో!”

పేర్చేవాళ్ళు గొల్లుమన్నారు. కుర్రవాడి చెవులు ఎర్రబడ్డాయి. చెడ్డవాడు కాదు, కానీ నలుగురిలో నవ్వులపాలైతే ఎవరికి మంట ఉండదు? “సరే. ఈ పని నీ లెక్కతోనే కానిద్దాం. ఒక్క ముక్క, ఒక్కటంటే ఒక్కటి తేడా వచ్చిందో, ఇక మీదట ఈ ఊళ్ళో ప్రభుత్వం పనులన్నింటికీ త్రాసే. ఇది కాగితం మీద రాస్తున్నాను,” అన్నాడు.

“రాసుకో. నా పేరు కూడా రాయి,” అంది బతూల్.

పైకి అలా అంది గానీ, ఆ రోజు ఇంటికి వెళ్ళి రొట్టె ముట్టలేదు. ఆమెకు ఈ లెక్క తప్ప ఇంకేముంది? పిల్లలు లేరు, తండ్రి లేడు. ఖద్దూర్ కూతురి మాట అంటే కార్ఖానాలో ఎవరూ మళ్ళీ లెక్కపెట్టి చూడరు, అదే ఆమె ఆస్తి. మర్నాడు నాలుగుసార్లు కాదు, ఎనిమిదిసార్లు గుప్పిళ్ళు వేసింది. ఎనిమిదిసార్లూ నిండుగా వచ్చింది.

పేర్పు రోజున ఎనిమిదిమంది వచ్చారు. మనిషికి మూడు రెక్కలు, ఆరువందల ముప్పై ముక్కలు. ఎవరి తట్ట వాళ్ళకిచ్చింది, రంగుకొక అర ఉన్న తట్టలు. చూడనివాళ్ళ కోసం చెప్తున్నాను, మా పేర్పు అంతా బోర్లాగానే. నున్నటి నేల మీద గీతలు గీసి, మెరుగు ముఖం కిందికి, మట్టి వీపు పైకి పెట్టి పేరుస్తారు. పేర్చేవాడికి పైన కనబడేది ఒకటే మట్టి రంగు. ఏ రంగు ఎక్కడ పెట్టాడో ఆయన బుర్రలోనే ఉంటుంది. అంతా అయ్యాక వీపు మీద గచ్చు పోస్తారు. అది గట్టిపడ్డాక ఎత్తి గోడకు నిలబెట్టినప్పుడే ముఖం చూడటం. అప్పుడు తప్పు కనబడితే ఏడవడం తప్ప చేసేదేం ఉండదు.

సాయంత్రపు అసర్ నమాజుకు ముందు పేర్పు ముగిసింది. నక్షత్రంలో ఒక్క సందు లేదు. ఏడు తట్టలు ఖాళీ. ఎనిమిదోది మాలిం జిలాలిది. అందులో ఒక మూల ఆకుపచ్చ బాదం ముక్క ఒకటి కూర్చుని ఉంది.

పేర్చేవాళ్ళలో ఒకడు కిసుక్కుమన్నాడు. “లల్లా, ఇది నీ సూపులోకి మిగిలినట్టుంది!”

సి ముఫద్దల్ తట్ట దగ్గరికి వచ్చి ఆ ముక్కను రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. ఆయన మొహంలో సంతోషం లేదు, నిజం చెప్పాలి. “లల్లా, నక్షత్రం నిండింది, ముక్క మిగిలింది. ఐదువేల నలభై ఒకటి ఇచ్చావు. పోనీలే, అందరికీ తప్పుతుంది,” అన్నాడు.

“అందరికీ తప్పుతుంది,” అంది బతూల్. “నాకు తప్పలేదు.”

“ముక్క కళ్ళ ముందుంటే ఇంకా ఏమిటి?” అన్నాడు మాలిం జిలాలి, విసుగ్గా. “పెద్దదానివయ్యావు బతూల్, ఒప్పుకో. మీ నాన్న కూడా ఆఖర్లో తడబడ్డాడు. గచ్చు కలిపారు, అది ఆగదు. పోయండిరా!”

తండ్రి మాట ఎత్తేసరికి బతూల్‌కు ఒళ్ళు మండింది. గచ్చు బకెట్లు ఎత్తిన ఇద్దరు మనుషులు అడుగు ముందుకు వేశారు. ఆమె ఒంటి మీది పొడుగు జెల్లాబా అంచులు దోపుకుని నక్షత్రం అంచున చతికిలబడింది. రెండు చేతులూ ముక్కల మీద ఆనించింది.

“నా చేతుల మీద పోయండి ముందు.”

“అయ్యో లల్లా, లే!”

“లేవను. వినండి. ఒకటి ఎక్కువుంటే ఏడేసి వేసినప్పుడు ఒకటి మిగలాలి. ఎనిమిదేసి వేసినా అదే ఒకటి, తొమ్మిదేసి వేసినా, పదేసి వేసినా అదే. ఒక్కసారి నా కన్ను మూసుకుపోయిందనుకుందాం. ఎనిమిదిసార్లు మూసుకుపోతుందా? సి ముఫద్దల్, నువ్వు చదువుకున్నవాడివి, నువ్వు చెప్పు. ఐదువేల నలభై ఒకటిని పదితో పంచితే ఎంత మిగులుతుంది?”

“ఒకటి.”

“తొమ్మిదితో?”

ఆయన పెదవులు కదిపాడు. “ఒకటే.”

“ఎనిమిదితో? ఏడుతో?”

ఈసారి కాగితం తీశాడు, పెన్సిల్‌తో గీకాడు, కళ్ళద్దాలు సర్దుకున్నాడు. “అన్నింటితోనూ ఒకటే,” అన్నాడు నెమ్మదిగా.

“మరి నా గుప్పిట్లో ఏమీ మిగల్లేదు. కాబట్టి నేనిచ్చింది ఐదువేల నలభై. ఒకటి తట్టలో ఉంది. అంటే నా ముక్కలు నేల మీద ఐదువేల ముప్పై తొమ్మిదే ఉన్నాయి. కానీ సందు లేదు. కాబట్టి ఇందులో నాది కాని ముక్క ఒకటి ఉంది. నేను లెక్కపెట్టనిది. ఎక్కణ్ణుంచో వచ్చింది.”

గచ్చు మోస్తున్నవాళ్ళు బకెట్లు దించేశారు. బతూల్ తల తిప్పి మాలిం జిలాలి వైపు చూసింది. ఆయన్ను నలుగురిలో అడగాలంటే ఆమెకు మనసు ఒప్పలేదు. ఆయన తన తండ్రి చేతి కింద పెరిగినవాడు, ఇంట్లో కూర్చుని ఆమె వండింది తిన్నవాడు. అయినా అడగక తప్పలేదు.

“మాలిం,” అంది, గొంతు తగ్గించి. “నేల మీద నుంచి ఏమైనా తీసి పెట్టావా?”

మాలిం నోరు తెరిచాడు. తిట్టబోయాడని అందరికీ తెలుసు. కానీ తిట్టు బయటికి రాలేదు. ఆయన తన మోకాలి పక్కన నేల వంక చూశాడు, తర్వాత తన కుడిచేతి వంక చూసుకున్నాడు.

“మధ్యాహ్నం జొహర్ నమాజు చేసి వచ్చి కూర్చున్నాక... మోకాలి దగ్గర ఒక బాదం ముక్క బోర్లా పడి ఉంది. నా తట్టలోంచే జారిందనుకున్నాను. తిప్పి చూడలేదు. నలభై ఏళ్ళుగా నేను ఏ ముక్కనూ తిప్పి చూడలేదు,” అన్నాడు.

పోయిన నెల అదే నేల మీద ఒక హమ్మామ్‌కు, అంటే స్నానాల ఇంటికి, పసుపు అల్లిక పేర్చారు. అదే బాదం కొలత. అందరూ వంగి నక్షత్రం వంక చూశారు. ఆకుపచ్చ నక్షత్రం మధ్యలో ఒక పసుపు కన్ను, నగరంలో నీళ్ళు తాగే ప్రతి మనిషికీ కనబడేలా, పిల్లల పిల్లల దాకా.

“జొహర్ తర్వాత రెండో రెక్కలో ఉన్నావా, మూడో రెక్కలోనా?” అంది బతూల్.

“రెండో దాంట్లో ఉన్నట్టు గుర్తు. మూడోది మొదలుపెట్టానేమో కూడా.”

మాలిం జిలాలి పలుచటి కత్తి తీసుకుని తన రెండో రెక్క దగ్గర బోర్లా పడుకున్నాడు. రెక్కకు పన్నెండు ఆకుపచ్చ బాదాలు. ఒక్కోటి కత్తి మొనతో లేపి, తిప్పి చూపించి, మళ్ళీ దాని చోట్లో దించాలి. పక్క ముక్క వెంట్రుకంత కదిలితే రెక్క మొత్తం పాడు. మొదటిది లేపాడు, ఆకుపచ్చ. రెండోది ఆకుపచ్చ. చుట్టూ చేరినవాళ్ళు గొంతు కలిపి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. పన్నెండూ ఆకుపచ్చే. బకెట్లలో గచ్చు గడ్డకట్టింది. “ఇది పారబోయాల్సిందే,” అని ఒకడు గొణిగాడు. సి ముఫద్దల్ ఆ మాట విననట్టే ఉండిపోయాడు. ఆయన కూడా మోకాళ్ళ మీద కూర్చున్నాడు, ఇస్త్రీ ప్యాంటు మట్టి అవుతున్నా.

బతూల్ కత్తి మొననే చూస్తోంది. ఒకవేళ లేకపోతే? తన కన్ను నిజంగానే మూసుకుపోయి ఉంటే? కానీ ఆ ఆలోచన వచ్చినంత వేగంగానే పోయింది. తనను తాను అనుమానించుకోవచ్చు గానీ, ఏడునీ ఎనిమిదినీ తొమ్మిదినీ పదినీ ఒకేసారి అనుమానించడం ఆమె వల్ల కాలేదు.

“మూడో రెక్క చూడు, మాలిం.”

“అల్లా ఒక్కడే,” అన్నారు అందరూ. ఆకుపచ్చ. “ఆయనకు జోడీ లేడు.” ఆకుపచ్చ. “మూడు.” “నాలుగు.”

“చెయ్యి!”

మాలిం చేతిలో పసుపు ముక్క ఉంది. గుడ్డు సొనలాగా మెరుస్తోంది.

అప్పుడు లేచిన కేకలు బట్టీల దాకా వినబడ్డాయట. కుమ్మరులు చేతులు కడుక్కోకుండా పరిగెత్తుకొచ్చారు. బతూల్ మాత్రం లేవలేదు. ఆమెకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. నలుగురి ముందూ హాయిగా ఏడ్చింది. మాలిం జిలాలి లేచి, నడుం పట్టుకుని, అందరూ నోరు మూసుకునేదాకా ఆగాడు. ఆయన తప్పు ఒప్పుకోవడం అంతకుముందు ఎవరూ చూడలేదు.

“తప్పు నాది. లెక్క ఆమెది. ఇందాక ఖద్దూర్ మాట ఎత్తాను, ఆ మాట తప్పు. నా నాలుక తెగిపోనూ,” అన్నాడు. తర్వాత అధికారి వైపు తిరిగాడు. “సి ముఫద్దల్, ఆ కాగితం ఏం చేస్తావు?”

కుర్రవాడు కాగితం చింపలేదు. అడ్డంగా గీత కొట్టి, కింద మళ్ళీ రాసి, చదివి వినిపించాడు. “ముక్కలు ఐదువేల నలభై. లెక్క, ఖద్దూర్ కూతురు బతూల్.” తర్వాత కళ్ళద్దాలు తుడుచుకుంటూ అన్నాడు. “లల్లా, ఆ అరవై పంపకాలు నాకు నేర్పుతావా?”

“ముందు ఆ త్రాసు కొట్టువాడికి తిరిగి ఇచ్చిరా. పాపం, కాయలు ఎలా అమ్ముకుంటున్నాడో,” అంది, ముక్కు తుడుచుకుంటూ.

అందరూ నవ్వుతుండగా మాలిం ఆ మిగిలిన ఆకుపచ్చ ముక్కను తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. నేల మీది నక్షత్రంలో బాదం గింజంత సందు ఎదురుచూస్తోంది. మా పనిలో ఆడవాళ్ళు పేర్పు మీద చెయ్యి వేయరు. ఎవరు పెట్టారో తెలియని ఆచారం, ఎవరూ దాటని ఆచారం.

“కానియ్,” అన్నాడు మాలిం. “నీ ముక్కే. నువ్వే పెట్టు.”

ఆమె “బిస్మిల్లా” అని, మెరుగు ముఖం కిందికి తిప్పి పెట్టింది. పెట్టబోయే ముందు ఒకసారి తిప్పి చూసుకుంది.

కొత్త గచ్చు కలిపారు, పోశారు. శుక్రవారం నాడు నక్షత్రాన్ని గోడకు నిలబెట్టి నీళ్ళు వదిలారు. మా ఆచారం ప్రకారం గోడ మీద పెంకు కొట్టినవాడి పేరూ లేదు, పేర్చినవాడి పేరూ లేదు. ఇప్పటికీ జనం వస్తారు, చూస్తారు, నీళ్ళు తాగి పోతారు. లల్లా బతూల్ ముసలితనంలో రోజూ అక్కడికి వచ్చేది. దోసిట్లో నీళ్ళు పట్టుకుని తాగి, తడి వేలితో కుడివైపు, మాలిం పేర్చిన మూడో రెక్కలో ఐదో ఆకుపచ్చ బాదాన్ని తాకేది. ఒకసారి నేను అడిగాను, “ఇన్ని ముక్కల్లో అదొక్కటే ఎందుకు లల్లా?” అని.

“ఇది కూర్చుంటేనే కదా ఐదువేల నలభై అయింది,” అంది.